కాగితం మీద చలి

లెనిన్‌గ్రాడ్
9 నవంబరు 1986

అక్కా,

మైనస్ రెండు. మబ్బు. గాలి లేదు.

నీ పార్సెల్ మంగళవారం అందింది. ఎండుచేపలు బాగున్నాయి. ఆపిల్ పళ్లలో రెండు నలిగాయి, వాటిని ముందు తినేశాను. ఊలు చేతితొడుగులు సరిపోయాయి. కుడిచేతి దానికి చూపుడువేలు దగ్గర కత్తిరించి చిల్లు పెట్టాను. ఏమీ అనుకోకు. కుంచె పట్టుకోవాలి.

గదుల మార్పిడి గురించి రాశావు. యేయ్‌స్క్‌లో నీ వీధిలోనే గది, ఎదురుగా సముద్రం, పక్కనే నువ్వు. ఆ కుటుంబం నా గదికి వస్తారు, నేను వాళ్ల గదికి వస్తాను. అంతా సబబుగానే ఉంది. కానీ ఈ ఊళ్లో గది ఒకసారి వదిలితే మళ్లీ దొరకదు. ఆ సంగతి నీకూ తెలుసు.

అందుకని ఈ ఒక్క చలికాలం నాకు వదిలిపెట్టు. ట్రామ్ డిపో స్టోర్లో ముప్ఫై ఏళ్లు బోల్టుల లెక్కలు రాశాను. పింఛను వచ్చాక ఈ రెండేళ్లూ నీటిరంగులు పట్టుకుని ఊరంతా తిరిగాను. అన్నీ వేసవి బొమ్మలే. వేసవిలో ఈ ఊరిని ఎవరైనా గీస్తారు. కిందటేడు కిటికీ దగ్గర కూర్చుని చలికాలం గీశాను. తీరా చూస్తే అందులో కిటికీ తప్ప చలికాలం లేదు. బయట నిలబడి గీయాలి. వేరే దారి లేదు.

ఫిబ్రవరి ఆఖరుకల్లా ఈ ఊరి చలిని కాగితం మీదికి తేలేకపోతే మార్పిడి ఫారాల మీద సంతకం పెడతాను. ఇది మాట.

సెన్యా


యేయ్‌స్క్
20 నవంబరు

ఒరేయ్ సెన్యా,

"మైనస్ రెండు, మబ్బు" అని మొదలుపెడతావేమిట్రా? నేను నీ అక్కనా, వాతావరణ కేంద్రాన్నా? మోకాలు ఎలా ఉంది, ఏం వండుకుంటున్నావు, ఒక్క ముక్క రాశావా? పైగా చేతితొడుగుకి చిల్లు పెట్టాడట! మూడు సాయంత్రాలు కళ్లు పొడుచుకుని అల్లాను. నీకు ఇంకోసారి అల్లితే చిల్లులే అల్లుతాను, చుట్టూ ఊలు నువ్వు పెట్టుకో.

ఇక్కడ ఇంకా కోటు వేసుకోలేదు. పక్కింటి మేక కంచె దూకి నా క్యాబేజీ అంతా మేసేసింది. దాని యజమానురాలు వచ్చి "మీ క్యాబేజీ తిని మా మేకకి కడుపు ఉబ్బింది" అని నా మీదే పోట్లాడింది. ఇలాంటి ఊరు, ఏం చెయ్యను. అయినా వెచ్చగా ఉంటుంది.

నేల్యా వారానికోసారి వస్తోంది. నీ గదికి రాబోయే ఇల్లాలు ఆవిడే. మొగుడు ఓడల మరమ్మతు మేస్త్రీ. ఈవిడకి పెద్ద ఊళ్లో బతకాలని చిన్నప్పట్నుంచీ పిచ్చి. "మీ తమ్ముడు మనసు మార్చుకోడు కదా, కపిటొలీనా లుకినీచ్నా?" అని గుమ్మంలోనే మొదలెడుతుంది. వాడికి మనసుంటే కదా మార్చుకోవడానికి, మొండితనమే ఉంది అన్నాను.

చలిని కాగితం మీదికి తేవడమెందుకురా, అది పిలవకుండానే ఇంట్లోకొస్తుంది కదా! యుద్ధంలో లదోగా సరస్సు మంచు మీదుగా లారీలో ఆ ఊరు దాటినరోజే, ఇక చలి మొహం చూడనని ఒట్టు పెట్టుకున్నాను. నువ్వేమో దానికి ఎదురెళ్లి నిలబడతానంటావు. సరే. ఫిబ్రవరి ఆఖరు అన్నావు. గోడ మీద సుద్దతో రాసిపెట్టాను.

కపా


లెనిన్‌గ్రాడ్
4 డిసెంబరు

అక్కా,

మైనస్ పదకొండు. పొగమంచు, మధ్యాహ్నం కాస్త ఎండ.

మోకాలు ఫర్వాలేదు. బార్లీ గంజి, ఉల్లిపాయలు, నీ చేపలు. మేక సంగతి చదివాను.

ఓబ్వోద్నీ కాలువ గట్టు మీద చోటు చూసుకున్నాను. ఫ్యాక్టరీ పొగగొట్టాలు, ట్రాములు వెళ్లే వంతెన, వెనక గిడ్డంగులు. అందమైన చోటని ఎవరూ అనరు. అందుకే ఎవరూ గీయలేదు. వెలుతురు పదకొండుకి వస్తుంది, మూడున్నరకి పోతుంది. అందులో పనికొచ్చేది పన్నెండు దాటాక కొంచెంసేపు. పొగ గులాబీ రంగుకి తిరుగుతుంది, వంతెన కింద నీడ నీలం కాదు, బూడిద కాదు. దాని పేరు నాకు తెలియదు. ఇంకా దొరకలేదు.

ఇబ్బంది ఒకటే. వోడ్కా. తాగుడు మీద కొత్త కట్టడి వచ్చాక షాపు రెండింటికి గాని తెరవరు. చోటు దొరకాలంటే ముందే క్యూలో నిలబడాలి. వెలుతురంతా అక్కడే పోతుంది. నిన్న నా చంకలో రంగుల పెట్టె చూసి వెనకాయన "తాతా, నంజుకోడానికి ముందే తెచ్చుకున్నావా?" అన్నాడు. చివరికి ఒక సీసా దొరికింది. ఇంతకుముందుది అయిపోయింది. చలి పెరిగేకొద్దీ ఎక్కువ ఖర్చవుతోంది.

నువ్వు శానటోరియంలో నర్సుగా చేశావు కదా. పాత స్నేహితుల దగ్గర స్పిరిట్ దొరికితే ఒక సీసా పంపు. అదైతే ఇంకా మంచిది.

సెన్యా


యేయ్‌స్క్
20 డిసెంబరు

ఆర్సేనీ,

నీ ఉత్తరం చదివాను. మళ్లీ చదివాను. అవే మాటలు. సీసా అయిపోయింది. చలికి ఎక్కువ ఖర్చవుతోంది. స్పిరిట్ అయితే ఇంకా మంచిది. సిగ్గు లేకుండా అక్కనే అడిగావా?

నాన్న కూడా ఇలాగే చెప్పేవాడు. "చలిరా, ఒంట్లో కాస్త వేడి ఉండాలి కదా." ఆ వేడితోనే కాలువ గట్టు మీద పడుకున్నాడు. పొద్దున వెళ్లి తెచ్చింది ఎవరు? అమ్మా, నేనూ. నువ్వు చిన్నవాడివి, నిన్ను గదిలో పెట్టి తలుపేశాం. అందుకే నీకు ఆ మొహం గుర్తులేదు. నాకుంది.

నేను ఊరికే అనడం లేదు. గ్లఫీరాకి ఉత్తరం రాసి అడిగాను. మీ ఉమ్మడి ఫ్లాట్‌లో నీ సంగతి నిజం చెప్పే మనిషి ఆవిడొక్కతే. "ఆర్సేనీ లుకిచ్ కిటికీ రెండు తలుపుల మధ్య సీసా పెట్టుకుంటాడు. పొద్దున్నే దాన్ని పాత మేజోడులో చుట్టుకుని బయటికి వెళతాడు. సాయంత్రానికి ఎర్రటి మొహంతో వస్తాడు. దగ్గరికెళితే వాసన" అని రాసింది. ఇంకేం కావాలి?

బొమ్మలట! ఆ బొమ్మలు నేను నమ్మాను. నేల్యాకి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఫారాలు ఇందులోనే పెట్టాను. ఫిబ్రవరి దాకా ఎందుకు? ఇప్పుడే సంతకం పెట్టు. ఇక్కడికి వచ్చెయ్. నేను చూసుకుంటాను.

అక్క


లెనిన్‌గ్రాడ్
27 డిసెంబరు

అక్కా,

మైనస్ పద్నాలుగు. మంచు పడుతోంది.

నేను తాగడం లేదు. విషయం ఇది.

ఈ చలిలో కుంచె నీళ్లలో ముంచి కాగితం దగ్గరికి తెచ్చేలోగా కొస గడ్డకడుతుంది. రంగు ఇసుకలా రాలుతుంది. వోడ్కా కలిపితే గడ్డకట్టదు. ఇక్కడ బయట గీసేవాళ్లందరూ చేసే పనే. కొంచెం చలికి సగం వోడ్కా, సగం నీళ్లు. గట్టి చలికి వోడ్కా మాత్రమే. వాసన నా కోటుకి పడుతుంది, ఎందుకంటే కుంచె కోటుకే తుడుచుకుంటాను. మొహం ఎర్రగా ఉండేది గాలికి.

ఇది నీకు తెలుసనుకున్నాను. ముందే రాయాల్సింది.

వోడ్కాతో బొమ్మ బాగా రాదు. రంగు త్వరగా పాకుతుంది, అంచు నిలవదు. పొగ వేస్తే చెట్టవుతుంది. ఇప్పటికి వేసినవన్నీ పొయ్యిలో పెట్టాను. అయినా రోజూ వెళుతున్నాను.

క్యూలో ఒకామె సీసా ఎందుకని అడిగితే నిజమే చెప్పాను. ఆమె వెనక్కి తిరిగి అందరికీ వినపడేలా, "వింటున్నారా, ఈయన వోడ్కాతో రంగులు వేస్తాడట! మా మరిదీ గొప్ప చిత్రకారుడేనమ్మా, ముక్కు ఒక్కటే వేస్తాడు, ఎంత ఎరుపో!" అంది. అందరూ నవ్వారు. మరి వాళ్లు నాకు అక్కలు కారు.

ఫారాలు అందాయి. సొరుగులో పెట్టాను. సంతకం పెట్టలేదు. గడువు ఫిబ్రవరి ఆఖరు.

సెన్యా


యేయ్‌స్క్
6 జనవరి 1987

సెన్యా నాన్నా,

కొత్త సంవత్సరం శుభాకాంక్షలు. కోపం పెట్టుకోకు. నమ్మాను, సరేనా? నమ్మేశాను. ఇక ఆ మాట ఎత్తను.

తేనె ఒక సీసా పంపుతున్నాను, రాత్రి పడుకునేముందు వేడి పాలల్లో వేసుకుని తాగు. అది మాత్రమే తాగు. చూశావా, ఎత్తనంటూనే ఎత్తాను!

నేల్యా పింగాణీ సామాను అప్పుడే కాగితాల్లో చుట్టేసింది. ఇప్పుడు సూపు గరిటె కావాల్సొచ్చి పెట్టెలన్నీ విప్పుకుంటోంది. నీ కోసం వాళ్ల గది చూసొచ్చాను. కిటికీ తెరిస్తే సముద్రం వాసన. పొద్దున్నే పడవలు. నీటిరంగులకి అంతకన్నా ఏం కావాలి? ఇక్కడ నీళ్లు నీళ్లుగానే ఉంటాయి.

గ్లఫీరాతో పోట్లాడకు. ఆవిడ మంచి మనిషి. ఏం చేసినా నీ మంచికే చేస్తుంది.

నీ కపా


లెనిన్‌గ్రాడ్
15 జనవరి

అక్కా,

నాలుగు రోజులుగా మైనస్ ఇరవై అయిదు దాటి. సోమవారం ఇరవై తొమ్మిది. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు.

ఈ చలి కోసమే రెండు నెలలు ఎదురుచూశాను. ఊళ్లో నీళ్ల గొట్టాలు పగులుతున్నాయి, ట్రాములు సగం తిరగడం లేదు. కాలువ మీద పొగ నిటారుగా నిలబడింది, తాడు కట్టి వేలాడదీసినట్టు. సోమవారం సీసా మొత్తం తీసుకుని వెళ్లాను. నీళ్లు అసలు పట్టుకెళ్లలేదు.

పన్నెండుంపావుకి ఆకాశం వేశాను. వెడల్పాటి కుంచెతో, ఒకే ఊపులో. చెయ్యి తీసేలోగా రంగు తెల్లబడింది. ఎడమ అంచు నుంచి ఈకలు మొలిచినట్టు మొలిచి కాగితమంతా పాకాయి. కుంచె పుల్లలా బిగుసుకుంది. సీసా వాసన చూశాను. లేనట్టే ఉంది. నాలుక మీద వేసుకున్నాను. కాచి చల్లార్చిన నీళ్లు. వాటిలో ఎవరో వోడ్కాని తలుచుకున్నట్టుంది.

ఇంటికి పోవచ్చు. పోతే ఆ వెలుతురు మళ్లీ రాకపోవచ్చు. కుంచెను నోట్లో పెట్టుకుని కరిగించి, ఆ తడితోనే రంగు తీసి వేశాను. వేసిన ప్రతి గీతా వేసినచోటే గడ్డకట్టింది. పాకలేదు. పొగగొట్టాలు నిలబడ్డాయి. వంతెన నిలబడింది. కింద నీడ దానంతట అదే వచ్చింది. నేను చేయాల్సింది ఏమీ లేనట్టు, తొందరపడితే చాలన్నట్టు ఉంది.

ఇంటి ముందుకొచ్చాక తెలిసింది అసలు సమస్య. లోపలికి వెళితే అంతా కరిగి నీళ్లవుతుంది. కాగితం బిగించిన పలక పట్టుకుని పెరట్లోనే నిలబడ్డాను. గ్లఫీరా బట్టల బాల్చీతో వచ్చింది. నన్ను చూసింది, సీసా చూసింది, బాల్చీ కింద పెట్టేసింది.

"ఆర్సేనీ లుకిచ్, అరవకండి. మీ అక్కగారే రాశారు. సగం తీసి నీళ్లు కలుపుతూ ఉండమని. మెల్లమెల్లగా మానేస్తాడని."

"ఎన్నాళ్లనుంచి?"

"ఈ సీసాకే. సగమే తియ్యమన్నారు గానీ, నా చెయ్యి కొంచెం... ఎక్కువ పడింది. మీరు మైకం లేకుండానే వస్తున్నారు కదా, పనిచేసిందనుకున్నా!"

"నేను ఎప్పుడూ మైకంలో రాలేదు."

"మరి ఈ పలక ఏమిటి, ఇంట్లోకి రారేం?"

"లోపలికొస్తే కరిగిపోతుంది."

ఆవిడ దగ్గరికొచ్చి కాగితం వంక చూసింది. ముక్కు తుడుచుకుని మళ్లీ చూసింది.

"ఇందుకా! నా దుప్పట్లు ఎలా ఆరుతున్నాయనుకున్నారు? అటక మీద వేస్తే రేకుల్లా బిగుసుకుపోతాయి. ఒక్క చుక్క కారకుండా చలిలోనే ఆరతాయి. మంచు నీళ్లవకుండానే ఎగిరిపోతుంది. పదండి, వెనక మెట్ల మీదుగా. ఆ వైపు వేడి గొట్టాలు లేవు."

ఇద్దరం పలక పట్టుకుని అటకెక్కాం. తన దుప్పట్లు పక్కకి జరిపి చోటిచ్చింది. తాళం వేసి, "పిల్లులు కూడా రావు" అంది. నాకు ఆవిడ మీద కోపం లేదు.

రోజూ రాత్రి ఆ రోజు లెక్క రాస్తాను, నీకు తెలుసు. సోమవారం ఇలా రాశాను: చలి, బొమ్మ, నీళ్లు, అక్క.

ఆర్సేనీ


యేయ్‌స్క్
25 జనవరి

సెన్యా,

తిట్టు. ఆ రెండు పేజీల ఉత్తరంలో ఒక్క తిట్టు లేదు. అదే నాకు నచ్చలేదు.

తప్పే. నేనే చేయించాను. నమ్మానని రాసి, ఆ ఉత్తరంతోపాటే గ్లఫీరాకి ఇంకొకటి రాశాను. రెండూ ఒకే పోస్టు డబ్బాలో వేశాను. కానీ నన్నడిగితే, ఇరవై తొమ్మిది డిగ్రీల చలిలో తడి కుంచె నోట్లో పెట్టుకున్నవాడికి బుద్ధి ఉందని నేను ఇప్పటికీ ఒప్పుకోను. నీ వేళ్లు రెండు తెల్లబడ్డాయని గ్లఫీరా రాసింది. నువ్వు రాయలేదు. బాతుకొవ్వు రాస్తోందట. రాయనియ్యి.

ఆ వోడ్కా ఏమైందో తెలుసా? సింకులో పారబొయ్యమన్నాను. ఈ రోజుల్లో వోడ్కా పారబోసే మనిషి ఎవరుంటారని, నడుంనొప్పికి పట్టు వేసుకుందట. నొప్పి తగ్గిందట. నీ ఆకాశం ఆవిడ నడుం మీదుంది!

ఇప్పుడు నిజం చెబుతున్నాను. నేను భయపడింది సీసాకే కాదు. నువ్వు అక్కడ ఒంటరిగా ఏదో ఒక రోజు... సరే, రాయను. నేల్యా మొగుడికి ఇంకో ఊళ్లో పని ఇస్తామంటున్నారు. ఫిబ్రవరి దాటితే వాళ్లు ఆగరు. ఆ గది పోతే నిన్ను నా దగ్గరికి తెచ్చుకోవడానికి నాకు మరో దారి లేదు. నాకూ ఏళ్లొస్తున్నాయిరా.

అవునా, కాదా. ఒక్క మాట రాయి.

కపా


లెనిన్‌గ్రాడ్
12 ఫిబ్రవరి

అక్కా,

మైనస్ పదిహేడు. పల్చటి ఎండ.

వేళ్లు బాగున్నాయి. తోలు ఊడింది, కొత్తది వచ్చింది. గోరు ఒకటి పోయింది.

బొమ్మ పూర్తిగా ఆరింది. నిన్న కిందికి తెచ్చి గదిలో పెట్టాను. రాత్రంతా ఉంచాను. కరగలేదు, కదలలేదు. మంచు పోయింది గానీ దాని అచ్చు రంగులో ఉండిపోయింది.

ఆ తర్వాత మామూలు నీళ్లతోనే వెళుతున్నాను. క్యూలో నిలబడే పని లేదు, వెలుతురంతా నాదే. మంచు ఎటు పాకుతుందో నా చేతిలో లేదు. చాలావరకు పాడవుతున్నాయి. పాడైనవి చూసి మరుసటి రోజు గాలికి ఏ వైపు నిలబడాలో నేర్చుకుంటున్నాను. గ్లఫీరా అటక మీద నాకొక తాడు కట్టింది. ఎవరైనా అడిగితే "ఆ వైపు ఆర్సేనీ లుకిచ్ బట్టలు" అంటోంది.

నువ్వు ఒక్క మాట అడిగావు. నాకు ఇక్కడ ఉండాలని ఉంది. నువ్వు ఎందుకు రమ్మంటున్నావో అర్థమైంది, దాన్ని తక్కువ చేయను. కానీ నవంబరులో మాటిచ్చాను. చలి కాగితం మీదికి వచ్చిందని నేను చెప్పుకుంటే సరిపోదు. చేసినవాడి లెక్కని చేసినవాడే సరిచూడకూడదు. డిపోలో కూడా అంతే.

అందుకని జనవరిలో ఆ సోమవారం వేసిన బొమ్మ నీకు పంపుతున్నాను. రెండు చెక్కల మధ్య పెట్టాను, జాగ్రత్తగా విప్పు. నీకు బొమ్మల గురించి తెలియదు. అందుకే నిన్ను అడుగుతున్నాను. చూడు. చలి ఉంటే ఉందను. లేకపోతే లేదను, జాలిపడి రాయకు. లేదంటే ఆ రోజే సంతకం పెట్టి ఫారాలు పోస్టు చేస్తాను. ఇంకో చలికాలం అడగను.

సెన్యా


యేయ్‌స్క్
23 ఫిబ్రవరి

సెన్యా,

పార్సెల్ శుక్రవారం వచ్చింది. వంటింటి బల్ల మీద విప్పాను. చాలాసేపు చూశాను. నాకేమనిపించిందో నీకు రాయను. నేను నీ అక్కని, నన్ను సాక్షిగా పిలవడమే నీ తప్పు. నాకేదో అనిపిస్తుంది, అది బొమ్మ వల్లో, నీ వల్లో ఎలా చెప్పను? రెండు రోజులు నిద్రపట్టలేదు. లేదని రాస్తే నువ్వు వచ్చేస్తావు. ఒక్క మాట. పెన్ను తీశాను కూడా. అది నీకు చెప్పి తీరాలి.

అందుకని నిన్న నేల్యానీ, మొగుణ్నీ టీకి పిలిచాను. బొమ్మని గోడకి ఆనించి పెట్టి, ఎవరు వేశారో చెప్పలేదు. పొయ్యి మండుతోంది, సమొవార్‌లో టీ నీళ్లు మరుగుతున్నాయి, కిటికీలకి చెమట పట్టింది. నేల్యా మేక గురించి ఏదో చెబుతూ చెబుతూ దాని వంక తిరిగి, మాట మధ్యలో ఆపేసింది. లేచి దగ్గరికెళ్లింది. అలా నిలబడి ఉన్ని జాకెట్ బొత్తాలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. కిందనుంచి మెడదాకా, ఒక్కొక్కటీ.

మొగుడు పకపకా నవ్వాడు. "ఏమేవ్, బొమ్మకే కోటు వేసుకుంటున్నావా?"

ఆవిడ అప్పుడుగానీ తన చేతులు చూసుకోలేదు. సిగ్గుపడింది. "ఇదేనా మా ఊరు?" అని అడిగింది. చూశావా, అప్పుడే మా ఊరు అంటోంది.

"అదే" అన్నాను.

"చలిగా ఉంటే ఉండనీ. ఆ వంతెన మీద జనం నడుస్తున్నారు కదా, నేనూ నడుస్తాను. మాకు ఆ గదే కావాలి."

"నడుద్దువుగానిలే నేల్యా, అక్కడ వంతెనలకేం తక్కువ. గది మాత్రం ఇంకొకటి చూసుకోండి. అందులో మా తమ్ముడుంటాడు."

మొగుడు నవ్వడం ఆపేశాడు. ఆవిడ ఏడ్చింది. పాపం, పింగాణీ అంతా మళ్లీ విప్పుకోవాలి. ఇద్దరినీ గేటు దాకా దిగబెట్టి వచ్చి నేనూ ఏడ్చాను, నీకెందుకులే.

నా దగ్గరున్న ఫారాల నకళ్లు పొయ్యిలో వేశాను. నీ సొరుగులో ఉన్నవి నువ్వు వెయ్యి. బొమ్మ తిరిగి పంపను, అడక్కు.

కపా